చెఱసాల వాకిట సుంకము

మేము పాఠశాలలో ఇంగ్లండు దేశ చరిత్రమును బోధింప మొదలుపెట్టి ఇరువదేండ్లు దాటినది. ప్రతి సంవత్సరమును 1215వ సంవత్సరపు మాగ్నా కార్టా పాఠము వచ్చినప్పుడు రెండు నిబంధనలను మాత్రము పిల్లలచే వ్రాయించి ముందునకు సాగుచుంటిమి. స్వతంత్రుడగు మనుష్యుని తోడివారి తీర్పుగాని దేశధర్మముగాని లేక బంధింపరాదనునది 39వ నిబంధన. న్యాయమును ఎవరికిని అమ్మబోమనియు, నిరాకరింపబోమనియు, ఆలస్యము చేయబోమనియు రాజు మాట యిచ్చినది 40వ నిబంధన. పరీక్షలలో అడుగునవి యీ రెండే. ఒకనాడు వెనుక బల్లమీది బాలుడొకడు లేచి, "మాస్టారూ, న్యాయము అమ్మనని రాజు వ్రాసి యిచ్చెను గదా! మఱి మా నాన్నగారు పొలము దావాకు స్టాంపుల క్రింద అంత సొమ్మేల కట్టిరి?" అని అడిగెను. తరగతి యంతయు నవ్వెను. మేమును నవ్వి, పాఠము ముగించి, ఇంటికి పోయితిమి. కాని ఆ ప్రశ్న మాతో ఇంటికి వచ్చినది. ఆ రాత్రి ఆ శాసనమును మొదటి నుండి తుది వఱకు, బహుశః మొట్టమొదటిసారి, శ్రద్ధగా చదివితిమి. ఇన్నేండ్లుగా మేము దాటిపోవుచున్న 36వ నిబంధన అప్పుడు మా కంటబడినది.

అది చాల చిన్నది. ప్రాణమునకుగాని అవయవమునకుగాని హాని కలిగించు నేరము విషయమై విచారణ కోరు ఆజ్ఞాపత్రమునకు ఇకమీదట ఏమియు పుచ్చుకొనరాదు, దానిని ఉచితముగా ఇయ్యవలయును, కాదనరాదు అని దాని భావము. ఈ మాటల వెనుక నున్న కథ యిది. ఆ కాలమున ఒకడు తన శత్రువుపై హత్యానేరము మోపినచో, నేరము మోపబడినవాడు రాజుగారి న్యాయాధిపతులు ఆ సీమకు వచ్చువఱకు చెఱసాలలో పడియుండవలసినదే. న్యాయాధిపతులు ఏండ్ల తరబడి రాకపోవచ్చును. "ఈ నేరారోపణము పగచేతను ద్వేషముచేతను చేసినది, ఇరుగుపొరుగువారిని విచారించి తేల్చుడు" అని ఖైదీ కోరుకొనుటకు ఒక ఆజ్ఞాపత్రము ఉండెను. తన నిర్బంధమును తానే ప్రశ్నించుటకు అప్పటి ఖైదీకి దొరికిన సాధనములలో అది ముఖ్యమైనది. అయితే దానిని రాజుగారి కార్యస్థానమున కొనవలసి యుండెను. సొమ్ము గలవాడు కొని వెలుపలికి వచ్చెను; లేనివాడు లోపలనే యుండెను. రన్నీమీడు మైదానమున ప్రభువులు జాన్ రాజు మెడపై కత్తి పెట్టినట్లు నిలిచి వ్రాయించుకొన్న వానిలో ఈ రుసుము రద్దును ఒకటి. 1225లో మూడవ హెన్రీ మఱల ప్రకటించిన ప్రతిలోను అది నిలిచినది.

మన బడిపుస్తకములు 39, 40 నిబంధనలను పొగడి 36ను విడిచిపెట్టుటకు కారణము ఊహింపవచ్చును. మొదటి రెండును గంభీరమైన మాటలు. ఇది గుమాస్తా బల్లవద్ద జరుగు చిల్లర లెక్క. కాని మేము ఈ వ్యాసమున చెప్పదలచినది ఆ చిల్లర లెక్కను గుఱించియే. న్యాయస్థానమునకు పోయి ఓడిపోయిన ఖైదీకి ఒక సమాధానము దొరకును. "నీవు చెప్పినది సరికాదు, ఇదిగో కారణము" అని ఒకరు వ్రాసి యిత్తురు; ఆ కారణము తప్పయినచో మఱియొకరు రేపు దానిని ఖండింపవచ్చును. రుసుము కట్టలేక వెనుదిరిగిన ఖైదీకి అదియు లేదు. అతని ప్రశ్న పుస్తకములకు ఎక్కనే ఎక్కదు. అతడు ఒకప్పుడు ప్రశ్నించెననుటకు సాక్ష్యము సయితము మిగులదు.

మన ప్రాచీనులు ఈ విషయమున ఏమి చెప్పిరో చూడవలయునని అర్థశాస్త్రమును తెఱచితిమి. నగరపాలకుని గుఱించిన అధ్యాయమున కౌటిల్యుడు చెఱసాలను గూర్చి దయతో కూడిన మాటలే చెప్పినాడు. బాలురను, వృద్ధులను, రోగులను, దిక్కులేనివారిని రాజు జన్మనక్షత్రమునందును పూర్ణిమలయందును విడువవలయును. ప్రతిదినమో, అయిదు రాత్రులకొకసారియో ఖైదీలను పరిశీలించి, పని చేయించుకొనియో, శరీరదండనము విధించియో, ధనము పుచ్చుకొనియో చెఱసాలను ఖాళీ చేయవలయును. ఇది మంచి యేర్పాటే. ఇరుగుపొరుగు దేశములలో అనేక శతాబ్దముల తరువాతను ఇంత యాలోచన లేదు. అయినను నిదానించి చూడగా ఇచ్చట అడుగువాడు రాజు, విడుచువాడు రాజు, "నన్నేల కట్టితివి?" అని ఖైదీ అడుగు తావు ఇందులో మాకు కనబడలేదు. పైగా ధనము గలవాడు ధనముతో వెలువడును. మన ఇండ్లలో పిల్లలెల్లరు ఎఱిగిన రామదాసు కథలోను విడుదలకు మార్గము పైకము చెల్లుటయే గదా! రాముడు మాఱువేషమున వచ్చి తానీషా ముందు మొహరీలు రాశిపోయుట ప్రతి ఖైదీకిని జరుగునది కాదు.

తిరిగి ఇంగ్లండునకు పోవుదము. 1495లో ఏడవ హెన్రీ కాలమున బీదలకు ఆజ్ఞాపత్రములు ఉచితముగా ఇయ్యవలెననియు, వారి తరపున వాదించుటకు న్యాయవాదిని న్యాయస్థానమే నియమింపవలెననియు ఒక చట్టము పుట్టినది. మన కోర్టులలో నేటికిని జనులు "పాపరు దావా" అని పిలుచు దానికి మూలపురుషుడు ఇదియే. (మన సివిలు స్మృతి నుండి పాపరు అను మాటను 1976లో తొలగించి నిర్ధనుడని మార్చిరి, జనుల నోట పాత పేరే నిలిచినది.) అయితే దయ చేసినవారికి అనుమానము తప్పదు. 1531లో వచ్చిన మఱియొక చట్టము ప్రకారము పాపరుగా దావా వేసి ఓడినవాడు ఖర్చులు చెల్లింప నక్కఱలేదు గాని, దానికి బదులు న్యాయాధిపతి తనకు తోచిన శిక్ష వేయవచ్చును. ఖర్చులు కట్టెదవా, కొరడా దెబ్బలు తినెదవా అని అడుగు ఆచారము ఒకప్పుడు ఉండి, తరువాత మానిపోయినదని బ్లాక్‌స్టన్ పండితుడు వ్రాసినాడు. ఉచితముగా ప్రశ్నించినవాడు ప్రశ్న తప్పయినచో వీపుతో చెల్లింపవలెనన్న మాట.

1679 మే నెలలో వచ్చిన హెబియస్ కార్పస్ చట్టమును చదువరులు ఎఱుగుదురు. ఖైదీని న్యాయాధిపతి యెదుటికి తెచ్చి, ఏ కారణమున బంధించితిరో చెప్పుడని అడుగుటయే హెబియస్ కార్పస్ ఆజ్ఞ. ఈ చట్టము ప్రభువుల సభలో నెగ్గిన విధమును గుఱించి బిషప్ బర్నెట్ వ్రాసిన తమాషా కథ యొకటి కలదు: ఓట్లు లెక్కించు ప్రభువొకడు మిక్కిలి స్థూలకాయుడగు మఱియొక ప్రభువును వేళాకోళమునకు పదిమందిగా లెక్కించెననియు, ఎదుటిపక్షపు లెక్కరి గమనింపకపోవుటచేత ఆ లెక్కయే నిలిచెననియు. కథ నిజమో కాదో గాని చట్టము మాత్రము గట్టిదే. ఖైదీ అడిగిన ఆఱు గంటలలో వారంటు నకలు ఇయ్యని జైలరుకు మొదటి తప్పునకు 100 పౌనులు, రెండవ తప్పునకు 200 పౌనులు జరిమానా. సెలవులలో ఆజ్ఞ ఇయ్య నిరాకరించిన న్యాయాధిపతికి 500 పౌనులు. న్యాయాధిపతినే దండించు చట్టము అరుదు.

ఇంత గట్టి చట్టమున ఒక మూల చిన్న వాక్యమున్నది. ఖైదీని న్యాయస్థానమునకు తెచ్చు ఖర్చును ముందుగా చెల్లింపవలెను, లేదా చెల్లింప సిద్ధపడవలెను. అది మైలునకు పన్నెండు పెన్నీలకు మించరాదు. పన్నెండు పెన్నీలనగా ఒక షిల్లింగు. పొలము పని చేయు కూలివాని దినవేతనము షిల్లింగును మించని కాలమది. లండను నగరమునకు నూఱు మైళ్ల దూరమున చెఱలో నున్న కూలివాడు ఆ నూఱు మైళ్లకు నూఱు షిల్లింగులు, అనగా 5 పౌనులు, చూపవలెను. తిరిగి పంపివేసినచో ఆ ఖర్చులకును పూచీ వ్రాసి యియ్యవలెను. చెఱలో నున్నవానికి కూలి లేదు. నూఱు దినముల కూలిని అతడెక్కడి నుండి తెచ్చును? చట్టము చేసినవారు క్రూరులు కారు. మైలునకు షిల్లింగు మించరాదని హద్దు పెట్టుట జైలరుల దోపిడిని ఆపుటకే. వారి కన్నులముందు కదలాడిన ఖైదీ మాత్రము రాజుతో విరోధము తెచ్చుకొన్న పెద్దమనిషి. కల్లుపాకవద్ద కొట్లాటలో పట్టుబడిన కూలివాడు వారికి తోచియుండడు.

చెఱసాలలో ప్రతి తాళమునకును ఒక వెల ఉన్న రోజులవి. జైలరులకు జీతము లేదు. ఖైదీలు చెల్లించు రుసుములే వారి జీవనము. 1773లో బెడ్‌ఫర్డుషైరునకు షెరీఫుగా నియమింపబడిన జాన్ హొవార్డు తన జిల్లా చెఱసాలలో చూచిన దృశ్యము అతని జీవితమునే మార్చివేసినది. న్యాయస్థానము నిర్దోషులని విడిచిన వారిని, నేరమే మోపబడని వారిని, జైలరు రుసుములు కట్టలేదని మఱల లోపలికి ఈడ్చుకొని పోవుచుండిరి. జైలరుకు రుసుములకు బదులు జీతము ఇయ్యుడని హొవార్డు జిల్లా మేజిస్ట్రేటులను కోరెను. ఇట్లు మఱి యే జిల్లాలోనైన జరుగుచున్నదా, ఉదాహరణము చూపుమని వారు అడిగిరి. ఆఫీసులలో తిరిగినవారికి ఈ సమాధానము కొత్త గాదు. హొవార్డు గుఱ్ఱమెక్కి ఆ ఉదాహరణమును వెదకుచు పొరుగు జిల్లాలకు పోయెను. ఉదాహరణము దొరకలేదు, అంతటను అదే అన్యాయము దొరకినది. 1774లో పాపం అను సభ్యుడు తెచ్చిన బిల్లు చట్టమై, నిర్దోషులు రుసుము లేక విడుదల కావలెనని నిర్ణయించినది. తాను చూచినదంతయు హొవార్డు 1777లో గ్రంథముగా ప్రకటించెను. తరువాత యూరపు చెఱసాలలన్నియు తిరిగి తిరిగి, 1790లో నల్లసముద్రమునకు సమీపమున ఖెర్సోనువద్ద జ్వరముతో మరణించెను. మన హరికథలలో ఇట్టివారి కథలను చెప్పువారు లేకపోవుట లోటని మాకు తోచును.

ఇక మన దేశము. 1870వ సంవత్సరపు ఏడవ చట్టము కోర్టు రుసుముల చట్టము. అర్జీకి ఇంత, దావాకు ఇంత అని పట్టికలు పట్టికలుగా వ్రాసిన ఈ చట్టమున 19వ విభాగము మినహాయింపులను చెప్పును. ఆ జాబితాలో ఖైదీయొక్కగాని, న్యాయస్థానముచేతనో దాని యుద్యోగిచేతనో నిర్బంధింపబడిన వానియొక్కగాని అర్జీకి రుసుము లేదని ఉన్నది. చదువరులు ఒక విశేషమును గమనింతురు గాక. ఇచ్చట ఖైదీ తాను బీదవాడనని ప్రమాణము చేయ నక్కఱలేదు. ఆస్తి జాబితా దాఖలు చేయ నక్కఱలేదు. ఖైదీ యగుటయే చాలును. చేతులు కట్టినవారు కట్టిన చేతులనుండి కాసు అడుగరాదన్న నీతిని, ఎవరు వ్రాసిరో గాని, ఆ డ్రాఫ్టు వ్రాసిన గుమాస్తా చక్కగా పట్టినాడు. ఆ చట్టముననే దాని పొరుగున నున్న 18వ విభాగమును చూచినచో మాత్రము నవ్వు వచ్చును. ఒకడు తనను మఱియొకడు అక్రమముగా నిర్బంధించెనని మేజిస్ట్రేటువద్ద మొఱపెట్టుకొని వాఙ్మూలము వ్రాయించినచో ఎనిమిది అణాలు చెల్లింపవలెను. మేజిస్ట్రేటు దయ తలచినచో మాఫు చేయవచ్చును. సర్కారు కట్టివేసినవానికి అర్జీ ఉచితము. భూస్వామి కొట్టములో కట్టివేసినవానికి అర్ధ రూపాయి.

అర్జీ ఉచితమైనది సరే, దానిని ఎవరికి పంపవలెను? ఈ ప్రశ్నవద్ద ఆ మినహాయింపు బోలుదని తేలినది. హెబియస్ కార్పస్ వంటి ఆజ్ఞను ఇచ్చు అధికారము 1898 క్రిమినలు స్మృతి 491వ విభాగము ప్రకారము కలకత్తా, మద్రాసు, బొంబాయి హైకోర్టులకే, అదియు ఆ నగరముల యెల్లలలోనే ఉండెను. మద్రాసు జార్జిటౌనులో నిర్బంధింపబడినవాడు అడుగవచ్చును. రాజమహేంద్రవరము సెంట్రలు జైలులో నున్నవానికి ఆ మార్గము లేదు. 1923లో గాని ఈ యధికారము హైకోర్టుల అప్పీలు పరిధి యంతటికి, అనగా మన తెలుగు జిల్లాలకు, వ్యాపింపలేదు. వ్యాపించినప్పుడును బెంగాలు 1818 రెగ్యులేషను, మద్రాసు 1819 రెగ్యులేషనుల క్రింద సర్కారు నిర్బంధించిన రాజకీయ ఖైదీలకు ఇది వర్తింపదని అందే వ్రాసియుంచిరి. ఏబదిమూడేండ్లు మనవారి చేతిలో రుసుము లేని అర్జీ ఉండెను, దానిని అందుకొను తలుపు లేదు. రుసుమును తీసివేయుట ఎంత సులభమో, తీసివేసి చేసితిమనుకొనుట ఎంత సులభమో ఈ వృత్తాంతము చూపుచున్నది.

అదే 1870లో కలకత్తా హైకోర్టున అమీర్ ఖాను వ్యాజ్యము నడచినది. అతడు ధనికుడగు వర్తకుడు. వహాబీ ఉద్యమమునకు తోడ్పడెనని 1818 రెగ్యులేషను క్రింద పట్టి చెఱలో నుంచిరి. అతని తరపున వాదించుటకు బొంబాయి నుండి ఆన్‌స్టీ అను బారిస్టరును రప్పించిరి. న్యాయమూర్తి నార్మను అర్జీని త్రోసివేసెను. అమీర్ ఖాను ఓడిపోయెను. అయినను గవర్నరు జనరలు ఒక మనుష్యుని కారణము చెప్పక బంధింపవచ్చునా యను ప్రశ్న తెఱచిన న్యాయస్థానమున, పత్రికలవారి యెదుట, దినముల తరబడి వాదింపబడినది. తీర్పుల సంపుటములకు ఎక్కినది. తరువాతి తరముల న్యాయవాదులు ఆ వ్యాజ్యమును చదివియే రాజ్యముతో ఎట్లు వాదింపవలెనో నేర్చిరి. బారిస్టరును రప్పింపలేని ఖైదీలెందఱో అదే రెగ్యులేషను క్రింద ఉండియుందురు. వారి వ్యాజ్యములు ఏ సంపుటములోను లేవు.

ఇంగ్లండు వారి శాసనమునే వారసత్వముగా పుచ్చుకొన్న మఱియొక దేశము అమెరికా. ఈ ప్రశ్నకు నేరుగా సమాధానము చెప్పినది అచ్చటి సుప్రీము కోర్టే గావున అచ్చటికి పోవలసియున్నది. 1892లో అమెరికా కాంగ్రెసు, బీదవాడనని ప్రమాణము చేసిన పౌరుడు ముందుగా రుసుము కట్టకయే ఫెడరలు కోర్టులలో దావా వేయవచ్చునని చట్టము చేసినది. అది ఫెడరలు కోర్టుల మాట. రాష్ట్రముల చెఱసాలలలో వేఱు లోకము. 1941లో తీర్పైన హల్ వ్యాజ్యమును చూడుడు. మిచిగన్ రాష్ట్రపు ఖైదీ యొకడు హెబియస్ కార్పస్ అర్జీ వ్రాసికొనగా జైలు అధికారి దానిపై సంతకము చేయ నిరాకరించెను. తండ్రి చేతికిచ్చి పంపబోగా కావలివాండ్రు లాగుకొనిరి. అర్జీ సరిగా ఉన్నదో లేదో ముందు మేము చూతుమని జైలువారి నియమము. ఖైదీ అర్జీకిని న్యాయస్థానమునకును నడుమ జైలు నిలువరాదని సుప్రీము కోర్టు ఆ నియమమును కొట్టివేసినది. హల్ మాత్రము అసలు వ్యాజ్యమున ఓడిపోయెను.

తరువాత రుసుముల వంతు వచ్చినది. ఒహాయో రాష్ట్రమున యావజ్జీవ శిక్ష ననుభవించుచున్న బర్న్‌స్ అనువాడు 20 డాలర్లు కట్టలేదని అచ్చటి సుప్రీము కోర్టు గుమాస్తా అతని కాగితములను తిప్పి పంపెను. అది చెల్లదని 1959లో వాషింగ్టనులో తీర్పైనది. అటుపిమ్మట ఐయోవా రాష్ట్రము. అచ్చట హెబియస్ కార్పస్ అర్జీ దాఖలు చేయుటకు 4 డాలర్లు. స్మిత్ అను ఖైదీయు, మార్షల్ అను మఱియొకడును వేర్వేఱుగా అర్జీలు పంపిరి. సొమ్ము లేదు గావున గుమాస్తా పుచ్చుకొనలేదు. రుసుము లేక విచారింపుడని రాష్ట్రపు సుప్రీము కోర్టును వేడిరి. కారణము చెప్పకయే అదియు కాదన్నది. 4 డాలర్లు! వెలుపల నున్నవానికి ఒక పూట భోజనపు ఖర్చు. ఇంత చిన్న మొత్తమునకు ఇంత రాద్ధాంతమేల యని తోచుట సహజము. మాకును మొదట అట్లే తోచినది. కాని ఈ వాదము రెండు వైపుల పదును గల కత్తి. అంత చిన్నదైనచో రాష్ట్రమునకు అది పోయినందువలన కలుగు నష్టమెంత? అంత చిన్న మొత్తము కొఱకు ఒకని ప్రశ్నను ఎల్లకాలము మూసివేయుట ఏమి న్యాయము?

ఐయోవా ప్రభుత్వపు వాదములలో ముఖ్యమైనది మఱియొకటి. హెబియస్ కార్పస్ సివిలు చర్యయే గాని క్రిమినలు వ్యాజ్యము కాదు, కావున క్రిమినలు అప్పీళ్లలో బీదలకు చూపిన దయ ఇచ్చట చూపనక్కఱలేదు అని. పేరుపెట్టి తప్పించుకొను ఈ పద్ధతి మన వ్యాకరణ పండితులకును తెలిసినదే. 1961 ఏప్రిలు 17వ తేదీన న్యాయమూర్తి టామ్ క్లార్కు వ్రాసిన తీర్పు ఆ పేరును లెక్కపెట్టలేదు. రాష్ట్రము తన ఖైదీకి స్వేచ్ఛ కోరి అర్జీ పెట్టుకొను హక్కును ఇచ్చిన పిమ్మట, నిర్ధనుడగు ఖైదీకిని ఆ హక్కునకును నడుమ ఎట్టి ధనవిషయమును నిలుపరాదు. నిలిపినచో చట్టము దృష్టిలో సమానత్వము పోవును అని నిర్ణయించిరి. స్మిత్, మార్షలుల నిర్బంధము న్యాయమైనదా కాదా యను మాట ఆ తీర్పు చెప్పలేదు. వారి అర్జీని చదువుడని మాత్రము చెప్పినది.

ఇట్టి తీర్పుల ఫలమెట్టిదో మఱుసటి సంవత్సరమే తెలిసినది. ఫ్లారిడా రాష్ట్రపు రైఫర్డు చెఱసాల నుండి క్లారెన్స్ గిడియన్ అను బీద ఖైదీ, రాష్ట్రపు కోర్టున తన హెబియస్ కార్పస్ అర్జీ త్రోసివేయబడిన తరువాత, జైలు కాగితములమీద పెన్సిలుతో వ్రాసిన అర్జీని వాషింగ్టనుకు పంపెను. సుప్రీము కోర్టునకు మామూలుగా పోవు అర్జీకి 100 డాలర్ల రుసుము, అచ్చువేసిన నలుబది ప్రతులు కావలెను; నిర్ధనునికి చేతివ్రాత ప్రతి యొకటి చాలును. ఆ యొక్క ప్రతిమీదనే 1963 మార్చి 18వ తేదీన, బీదవాడగు నిందితునికి న్యాయవాదిని రాష్ట్రమే ఏర్పఱుపవలెనను ప్రసిద్ధమైన తీర్పు వచ్చినది. అదే సంవత్సరము ఆగస్టులో న్యాయవాది సాయముతో మఱల విచారణ జరిగి గిడియన్ నిర్దోషియని తేలెను. నలుబది అచ్చుప్రతులు కావలెనని పట్టుబట్టియున్నచో ఆ దేశపు న్యాయచరిత్రమున ఆ అధ్యాయము గిడియన్ పేర ఉండియుండదు.

మన దేశమున రాజ్యాంగము వచ్చిన పిమ్మట ద్వారము వెడల్పైనది. సుప్రీము కోర్టు నియమములలో హెబియస్ కార్పస్ అర్జీకి రుసుము లేదని స్పష్టముగా వ్రాసిరి. అయితే స్టాంపు పోయినను కాగితము మిగిలినది. హోస్కాట్ అనువాని వ్యాజ్యమున ఖైదీ సుప్రీము కోర్టునకు నాలుగేండ్లకు పైగా ఆలస్యముగా వచ్చెను. హైకోర్టు తీర్పు నకలు తన చేతికందలేదని అతడు చెప్పెను. తీర్పు నకలు లేక అప్పీలెట్లు? 1978లో న్యాయమూర్తి కృష్ణయ్యరు ఆ వ్యాజ్యమును త్రోసివేయుచునే, ఇకమీదట జైలులో నున్నవానికి తీర్పు నకలును ఉచితముగా, వెంటనే అందించి రసీదు పుచ్చుకొనవలెనని ఆజ్ఞాపించెను. మఱుసటి సంవత్సరము ఇంకొక యడుగు పడినది. తీహారు జైలులో మరణశిక్షకు లోనైయున్న సునీల్ బాత్రా, తోటి ఖైదీ నొకనిని వార్డరు హింసించెనని న్యాయమూర్తికి ఉత్తరము వ్రాసెను. స్టాంపు లేదు, వకాలతు లేదు, నమూనా లేదు. కోర్టు ఆ యుత్తరమునే అర్జీగా పుచ్చుకొన్నది. 1987 చట్టము, 1995 నవంబరు నుండి అమలు జరిగి, నిర్బంధములో నున్న ప్రతివానికిని ఉచిత న్యాయసహాయమునకు అర్హత నిచ్చినది. 1870 గుమాస్తా వలెనే ఈ చట్టమును నిర్బంధమునే అర్హతగా ఎంచినది.

ఈ కథ ఇట్లు ముందునకే నడచునని చదువరులు అనుకొనరాదు. 1996లో అమెరికా కాంగ్రెసు, ఖైదీలు పనిలేక దావాలు వేయుచున్నారని విసిగి, నిర్ధనుడగు ఖైదీ సయితము సివిలు దావా రుసుమును పూర్తిగా, వాయిదాలలోనైనను, చెల్లింపవలెనని చట్టము చేసినది. జైలు ఖాతాలో 10 డాలర్లు మించినప్పుడెల్ల, నెల ఆదాయములో అయిదవ వంతు కోసికొందురు. రెండు దావాలున్నచో రెండు అయిదవ వంతులు కోయుట తప్పు కాదని 2016లో అచ్చటి సుప్రీము కోర్టు ఏకగ్రీవముగా చెప్పినది. తన నిర్బంధమునే ప్రశ్నించు హెబియస్ కార్పస్ అర్జీకి ఈ నియమము తగులదని అప్పీలు కోర్టులు సాధారణముగా నిర్ణయించినవి. దానికి రుసుము 5 డాలర్లే, అదియు బీదవానికి మాఫు. నిర్బంధమును గాక నిర్బంధములోని బాధను, కొట్టుటనో వైద్యము లేకపోవుటనో, ప్రశ్నించినచో 350 డాలర్లు. వెలుపలివారికి కార్యాలయపు ఖర్చుతో కలిపి అది 405. జైలు పనికి గంటకు కొన్ని సెంట్లు మాత్రమే దొరకు చోట్లున్నవి. పనికిమాలిన దావాలు లేవని మేమనము. బడిలో పనికిమాలిన ప్రశ్నలు రోజును వినుచునే యున్నాము. ఏది పనికిమాలినదో వినక ముందు తెలిసికొను ఉపాయము మాత్రము ఈ యిరువదేండ్లలో మాకు దొరకలేదు.

ఆ బాలునికి మేము సమాధానము బాకీయుంటిమి. వారము దినముల తరువాత తరగతిలో 36వ నిబంధనను నల్లబల్లమీద వ్రాసి, ఖైదీ అర్జీకి స్టాంపు లేదనియు, వాని తండ్రి పొలము దావాకు మాత్రము ఉన్నదనియు చెప్పితిమి. "అట్లయిన మా నాన్నగారు జైలుకు పోయిన తరువాత దావా వేయవలసినది" అని వాడు అన్నాడు. ఈసారి మేము నవ్వలేదు గాని తరగతి నవ్వినది. ఈ సంవత్సరము మాగ్నా కార్టా పాఠమును 36వ నిబంధనతోనే మొదలుపెట్టితిమి. పరీక్షలో అది రాలేదు.